రాజు వెళ్ళాక మిగిలినవాళ్ళు

మా బావగారు పోయిన గురువారం ఉదయం ఆసుపత్రిలో కన్నుమూశారు. చర్చిలో జరిగిన కూడికలో ఆయన చదువు గురించి, ఉద్యోగం గురించి పెద్దలు చక్కగా మాట్లాడారు. నన్నూ మాట్లాడమన్నారు. లేవలేకపోయాను. నేను చెప్పవలసింది నలుగురిలో నిలబడి చెప్పేది కాదు. అందుకే చివరికి కలం పట్టాను.

మా అక్క పోయాక, డెబ్బై తొమ్మిదిలో, ఇల్లు చూసుకోవడానికి సముద్రాలు దాటి ఈ నోవై ఊరు వచ్చాను. బావగారు కాలేజీలో చరిత్ర చెప్పేవారు. ఆయన ఆలోచనంతా ఒకే ఓటమి చుట్టూ తిరిగేది. ఏడు వందల ఏళ్ళ కిందట ఒక ఫ్రాన్సు రాజు, జెరూసలేమును తిరిగి గెలవాలని క్రూసేడుకు బయలుదేరి, ఓడల్లో ఈజిప్టు వెళ్ళాడు. నైలు పాయల మధ్య రోగాలతో, ఆకలితో సైన్యం చితికిపోయింది. రాజుతో సహా వేలమంది బందీలయ్యారు.

ఈ కథ బావగారు అన్నం దగ్గరే చెప్పేవారు. పెరుగన్నంలో వేలితో నది పాయలు గీసి, మధ్యలో మాగాయ ముక్క పెట్టి, "ఇదిగో, ఇక్కడ ఇరుక్కున్నారు" అనేవారు. నేను ప్రార్థన చేసుకోకుండా ముద్ద ఎత్తను. "అమ్మాయ్, దేవుణ్ణి కాస్త తొందరగా వదిలిపెట్టు. చారు చల్లారిపోతోంది" అని వేళాకోళం చేసేవారు.

రాజు విడుదలయ్యాడు. తమ్ముళ్ళు ఇంటికి వెళ్ళిపోయినా తను నాలుగేళ్ళు ఆ తీరంలోనే ఉండి, మిగిలిన బందీలను విడిపించడానికి తంటాలు పడ్డాడు. అయినా అందరూ రాలేదు. బావగారికి కావలసింది ఆ రానివాళ్ళు. "ఓడ ఎక్కినవాడి కథ ఎవరైనా రాస్తారు. రేవుకే రానివాడి సంగతో?" అనేవారు.

ఆ ఓటమి మీద ఇంగ్లీషులో ఒక పుస్తకం రాస్తూ వచ్చారు. ఆ రానివాళ్ళ అధ్యాయం ఒక్కటే మిగిలి ఉండగా పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది. అన్నేళ్ళు పాఠాలు చెప్పిన ఇంగ్లీషు నోట్లో తడబడింది. తెలుగు మాత్రం నిలిచింది. పొద్దున ఆయన చెబితే నేను రూళ్ళ నోటుబుక్కులో రాసేదాన్ని. సాయంత్రం చదివి వినిపించాలి.

ఒకరోజు ఇలా చెప్పారు: "బందీల్లో కొందరు ప్రాణం దక్కించుకోవడానికి క్రీస్తును కాదన్నారు. అక్కడే పెళ్ళాడి, పిల్లల్ని కని, అక్కడే మట్టిలో కలిశారు."

నా చేయి ఆగిపోయింది. రాయలేదు. సాయంత్రం చదువుతుంటే పట్టేశారు.

"ఆ మాట ఏదీ?"

"వాళ్ళ పరువు పోతుందేమోనని, బావగారూ."

"దేవుడికి తెలిసిన సంగతి నోటుబుక్కుకి దాస్తావా? వాళ్ళు ఫ్రాన్సులో ఎలాగూ లేరు. ఈజిప్టులోనూ లేకుండా చేస్తావా?"

రాస్తానన్నాను. మర్నాడు మళ్ళీ చదవమన్నారు. ఆ మాటలు నాకు నోటికి వచ్చు. తడుముకోకుండా చదివినట్టే చెప్పాను. కాగితం మీద లేవు. బావగారు కళ్ళు మూసుకుని విన్నారు.

"ఇప్పుడు సరిపోయింది. నీ చేతిలో భద్రంగా ఉంటారు" అన్నారు.

ఆ తరవాత నాలుగు రోజులే బతికారు.

కూడిక అయ్యాక మా అక్క కూతురు వచ్చింది. "పిన్నీ, లాస్ట్ చాప్టర్ కంప్లీట్ అయిందా? నువ్వు చదివి చెప్పు, నేను ఇంగ్లీష్‌లో టైప్ చేస్తా. మండే పబ్లిషర్‌కి పంపాలి."

"రేపిస్తానమ్మా."

"ఏమైనా మిస్సయిందా?"

"కొంచెం."

"నాన్న చెప్పిందేగా? రాసెయ్ మరి."

ఈ పొద్దున మోకాళ్ళ మీద ఉండి ఆ మనుషుల కోసం ప్రార్థించాను. వాళ్ళ పేర్లు నాకు తెలియవు. ఆకలితో, సంకెళ్ళతో ఒక్క పూట కూడా ఉండని నేను వాళ్ళ మీద తీర్పు చెప్పాను. చావుబతుకుల్లో ఉన్న మనిషికి అబద్ధం చదివి వినిపించాను.

లేచి నోటుబుక్కు తెరిచాను. ఆ పేజీలో చోటు లేదు. పుస్తకం పక్కకు తిప్పి, అంచు వెంబడి కింది నుంచి పైకి, బావగారు చెప్పినది చెప్పినట్టు రాశాను. నోటుబుక్కు అమ్మాయికి ఇచ్చేశాను. అది ఎంతమంది చదివితే అంత మంచిది. ఆ చోటికి వచ్చినవాళ్ళు పుస్తకాన్ని పక్కకు తిప్పుకోవాలి, అంతే.

నేను రాసుకున్న ఈ కాగితాలు మాత్రం మన ఇంట్లోనే దాచండి. బయటివాళ్ళకు చూపించకండి.