మనిషికో పాస్‌వర్డ్

నర్సీపట్నం ఆర్టీసీ కాంప్లెక్స్ ఎదుట కంప్యూటర్లు బాగుచేసే మన్మథరావుకి ఈ మధ్య పేరు పిచ్చి పట్టింది. లినక్స్ అని ఒక ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. ఏ కంపెనీ సొత్తూ కాదు. దేశదేశాల వాళ్ళు కలిసి ఊరికే రాసి, ఊరికే పంచిపెడతారు. దొంగల బారిన పడకుండా దాన్ని వాడుకోవడమెలాగో చెప్పే పుస్తకం కూడా అలాగే రాస్తున్నారు. జర్మనీ ఆయనొకడు, బ్రెజిల్ ఆవిడొకర్తె, తెలుగు భాగానికి మన మన్మథరావు. పక్కనున్న బలిఘట్టం దాటితే ఎవరూ గుర్తుపట్టని మనిషికి అంతర్జాతీయ హోదా వచ్చేసరికి కాళ్ళు భూమ్మీద ఆగలేదు.

అతను రాసింది పాస్‌వర్డ్ అధ్యాయం. ఇంట్లో మనిషికో లాగిన్ ఉండాలి, పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకండి, అడిగినవాళ్ళు ఎంత దగ్గరివాళ్ళయినా సరే అని బల్లగుద్ది రాశాడు. భాష మాత్రం భార్య పుష్పవతి చేత దిద్దించాడు. దిద్దుతూ దిద్దుతూ ఆవిడ దాన్ని నమ్మేసింది, పాపం. ఇంట్లో ఉన్న ఒక్క లాప్‌టాప్‌లో తనకంటూ లాగిన్ పెట్టుకుంది. పెళ్ళయ్యాక ఆ ఇంట్లో ఆవిడ సొంతంగా తాళం వేసుకున్నది దానికొక్కదానికే.

కోటవురట్ల నుంచి వచ్చిన ఆడపడుచు నూకరత్నం లాప్‌టాప్ తెరవబోతే తెరుచుకోలేదు. పాస్‌వర్డ్ అడిగితే పుష్పవతి నవ్వి ఊరుకుంది. కబురు వంటింట్లో అత్తగారికి చేరింది.

"మొగుడింట్లో మొగుడికి తెలీని తాళవేటి?" అంది అత్త కామమ్మ.

"ఏటీ నేకపోతే దాసుకోడం ఎందుకే పుష్పా?" అంది నూకరత్నం. అప్పటికి పక్కింటివాళ్ళు కూడా గుమ్మంలోకి వచ్చేశారు.

"మీ అబ్బాయే రాసేరత్తయ్యా, ఎవలికీ సెప్పొద్దని," అంటూ పుష్పవతి మొగుడి వైపు చూసింది. అవును, నేనే రాశాను అని అతనొక్క మాట అంటే ఆవిడ పరువు దక్కుతుంది.

లోకానికి ధైర్యం నూరిపోసిన మనిషి నాలుక తల్లి ముందు మడతపడింది. "ఓసారి తీసి సూపించీ, పోద్ది," అన్నాడు.

ఆవిడ తీసింది. లోపలున్నది మొగుడి అధ్యాయం, దాని దిద్దుబాట్లు. "ఓస్, ఇదేనా!" అని నూకరత్నం నిరాశపడింది. పుష్పవతి ముఖం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళి చాలాసేపటికి గాని రాలేదు. మన్మథరావుకి సిగ్గేసింది. టిఫిను తిన్నాక కాస్త తగ్గింది.

ఆ పుస్తకానికి సవరణ ఎవరైనా పంపొచ్చు; మర్నాడు పుష్పవతి పేరుతో ఒకటి వచ్చి కూర్చుంది. ఎవరి నుంచి జాగ్రత్తపడాలో చెప్పే చోట జర్మనీ ఆయన హ్యాకర్లనీ వైరస్‌లనీ రాశాడు. వాటి కింద ఆవిడ చేర్చింది: "పక్కన నిలబడి, ఓసారి తీసి చూపించు అనే ఇంటి మనిషి." సవరణకి కారణం అడిగే చోట, "ఇంట్లో పరీక్షించాం" అని రాసింది. బ్రెజిల్ ఆవిడ అనువాదంలో చదువుకుని, ఇంత నిజమైన వాక్యం ఈ పుస్తకంలో ఇంకోటి లేదని మెచ్చుకుంది. ఇక తెలుగు భాగానికి పెద్ద అయిన మన్మథరావు ఒప్పుకోవడమే తరువాయి. వద్దంటే, ఎందుకు వద్దో లోకమంతా చూసేలా రాయాలి.

రాయడానికే కూర్చున్నాడు. ఎంత బుర్ర గోక్కున్నా కారణం దొరకలేదు. చివరికి ఒప్పుకుంటున్నానని నొక్కి, భార్య వైపు తిరిగి, "ఇంక నానడిగినా సెప్పకు," అన్నాడు గొప్పగా.

"సెప్పనండి," అంది పుష్పవతి. "నిన్ననే మార్సీసేను."