బెల్లం మీద రౌడీషీటు

తన ఇంటి కుక్క మీద తనే రౌడీషీటు తెరిచిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఈ చేతులను చూడండి. కుడిచేతి చూపుడువేలి మీద చిన్న మచ్చ కనిపిస్తుంది, దాని సంగతి చివర్లో చెబుతాను. రాసింది నేను. సంతకం పెట్టింది నేను. మున్సిపాలిటీ ఆఫీసుకు మోసుకెళ్లి రశీదు అడిగి మరీ తీసుకున్నది నేను. మా వీధిలోకి కుక్కలు పట్టే బండి వచ్చినప్పుడు ఎదురెళ్లి దారి చూపించింది కూడా నేనే. ఇంత శ్రద్ధగా తన కొంప తను ముంచుకున్నవాడు మా బొల్లారం, పటాన్‌చెరు చుట్టుపక్కల మరొకడు లేడని నా నమ్మకం.

నేను బొల్లారంలో ఒక మందుల కంపెనీలో సేఫ్టీ ఆఫీసరుని. ఇప్పటికీ అదే ఉద్యోగం. కాకపోతే ఆ రోజుల్లో దాన్ని ఉద్యోగమనుకోలేదు, అవతారమనుకున్నాను. ఇంట్లో మెట్ల అంచులకు పసుపు, నలుపు చారలు వేయించాను. మా ఆవిడ సుజాత కుక్కర్ ఎక్కించే ముందు నేను మూడు ప్రశ్నలు అడిగేవాణ్ని. నాలుగో రోజు ఆమె గరిటె చూపించి ఒక్కటే ప్రశ్న అడిగింది, ఆ తర్వాత వంటగది నా పరిధిలోకి రాకుండా పోయింది.

మా కంపెనీలో ఒక పద్ధతి ఉంది, అది తెలిస్తే గాని నా ఘనకార్యం మీకు అర్థం కాదు. ఎవరైనా జారి పడబోయి పడకుండా నిలదొక్కుకున్నారనుకోండి, దాన్ని నియర్ మిస్ అంటారు. అంటే ప్రమాదం జరగలేదు, జరగబోయింది. వెంటనే ఒక కార్డు మీద రాసి డబ్బాలో వెయ్యాలి. ఎక్కువ కార్డులు వేసిన విభాగానికి నెలాఖరున చప్పట్లు, నోటీసు బోర్డు మీద ఫోటో. కార్డులు తక్కువ వేసిన విభాగానికి చీవాట్లు. ప్రమాదాలు లేక కాదు, కళ్లు మూసుకుని తిరుగుతున్నారని. నా ఫోటో వరుసగా నాలుగు నెలలు ఆ బోర్డు మీదే ఉంది. నాలుగో నెల ఎవరో దానికి మీసాలు గీశారు. దాని మీద కూడా ఒక కార్డు రాశాను.

ఇక బెల్లం. కంపెనీ బస్సులు ఆగే చోట, వానలో తడుస్తూ వణుకుతున్న కుక్కపిల్లను సుజాత కొంగులో చుట్టి తెచ్చింది. బెల్లం రంగులో ఉండేది కాబట్టి బెల్లం. పూర్తిగా ఎదిగాక కూడా కూరగాయల సంచిలో పట్టేది. నేను షిఫ్టులంటూ తిరిగేవాణ్ని, సుజాతకు కొత్త ఊళ్లో మాట్లాడే దిక్కు ఉండేది కాదు. ఆమె పుట్టిల్లు కాకినాడ కబుర్లన్నీ విన్నది ఆ కుక్కే. నాకంటే ఓపికగా వినేది, అది నిజం.

ఎదురింట్లోకి మాణిక్ రెడ్డిగారు దిగడంతో కథ మొదలైంది. కొండాపూర్ మండలంలో తాతల నాటి నుంచీ వ్యవసాయం చేసిన మనిషి, కొడుకు కంపెనీకి దగ్గరవుతుందని మా కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. వెంట రాట్‌వీలర్ జాతి కుక్కను ఒకదాన్ని తెచ్చుకున్నారు. తలకాయ పెళ్లి వంటల గుండిగంత. దాని పేరు చిన్నా. ఆ పేరు ఎవరు పెట్టారో, ఏ ధైర్యంతో పెట్టారో నాకిప్పటికీ తెలియదు.

మొదటిరోజు ఉదయం షిఫ్టుకు బయల్దేరుతుంటే చిన్నా వాళ్ల గేటు ముందు కూర్చుని నన్ను చూసింది. అంతే, చూసింది. నేను మాత్రం టిఫిన్ క్యారేజీతో సహా పక్కింటి ప్రహరీ ఎక్కేశాను. ఎలా ఎక్కానో గుర్తులేదు, దిగడానికి మాత్రం స్టూలు తెప్పించాల్సి వచ్చింది. స్టూలు పట్టుకున్నది మాణిక్ రెడ్డిగారే.

"ఏం జేయదు సారు," అన్నారు. "పండుకుంటది, లేస్తది, తింటది, మల్ల పండుకుంటది."

"కరిస్తేనో?"

"కరిస్తె గప్పుడు జూద్దాం తీ."

సేఫ్టీ ఆఫీసరుతో అనదగ్గ మాటేనా అది? ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు.

సరిగ్గా అదే నెలలో మున్సిపాలిటీ వాళ్లు కాలనీ గోడకు ఒక నోటీసు అంటించారు. రాట్‌వీలర్, పిట్‌బుల్ లాంటి ప్రమాదకర జాతుల కుక్కలున్నవాళ్లు వాటి పేర్లు నమోదు చేయించాలి, టీకాలు వేయించాలి, వీధిలోకి తెస్తే మెడకు తాడు, మూతికి చిక్కం ఉండాలి, గేటుకు హెచ్చరిక బోర్డు తగిలించాలి. నేను అక్కడివరకూ చదివి పొంగిపోయాను. కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది. ఏ జాతి కుక్కైనా సరే, పదేపదే మనుషుల మీదికి పోతున్నట్టు రాతపూర్వక ఆధారం ఉంటే దానికీ ఇవే నిబంధనలు వర్తిస్తాయి, అవసరమైతే కుక్కల కేంద్రానికి తరలిస్తారు. కంపెనీలో చిన్న అక్షరాలు చదవని వాళ్లను నిలబెట్టి గంటసేపు క్లాసు పీకే నేను ఆ వాక్యం చదవలేదు.

నేరుగా వార్డు ఆఫీసరు రజితగారి దగ్గరికి వెళ్లాను. మాణిక్ రెడ్డిగారు అప్పటికే నమోదు చేయించారట, టీకాలు, తాడు, చిక్కం, బోర్డు అన్నీ ఉన్నాయట. ఎద్దులకు చిక్కాలు కట్టిన చెయ్యి కదా, కుక్కకు కట్టడం ఆయనకు ఒక లెక్కా? నేను మాత్రం ఊరుకోలేదు.

"ఎవర్నన్న కరిసిందా సారు?" అని ఆమె అడిగింది.

"లేదండీ. కానీ కరిచేలా ఉంది."

"గట్ల సూస్తే మా ఆఫీసుల సగం మంది కరిసెటట్టే ఉంటరు. కాయిదం మీద ఏమన్న ఉంటే తీస్కరాండ్రి."

కాగితమా? నన్నా అడగడం? నా జీవితంలో అంత సులువైన పని ఎవరూ చెప్పలేదు. ఆ సాయంత్రమే కార్డులు అచ్చు వేయించాను. సమయం, స్థలం, కుక్క పేరు, జరగబోయిన ప్రమాదం, మూలకారణం, తీసుకోవలసిన చర్య. కంపెనీలో పాతబడిన డబ్బా ఒకటి అడిగి తెచ్చి కిరాణా కొట్టు ముందు తగిలించి, కుక్కల వల్ల ఏ చిన్న ఇబ్బంది జరగబోయినా రాసి వెయ్యమని ఇంటింటికీ చెప్పాను.

వారం తర్వాత తెరిస్తే డబ్బాలో రెండే ఉన్నాయి. ఒకటి గుట్కా ప్యాకెట్. రెండోది మంజీర నీళ్లు సరిగా రావడంలేదని ఫిర్యాదు. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా శిక్షణ తరగతుల్లో నేను చెప్పే మొదటి మాట ఏమిటి? సొంత విభాగంతో మొదలుపెట్టండి, మిమ్మల్ని చూసి మిగతావాళ్లు నేర్చుకుంటారు అని. కాబట్టి నేను మా ఇంటితోనే మొదలుపెట్టాను.

పాలవాడిని చూసి బెల్లం పళ్లు బయటపెట్టింది. రాశాను. "దాడికి యత్నం. దంతాలకూ పిక్కకూ మధ్య దూరం సుమారు రెండంగుళాలు." గ్యాస్ బండ తెచ్చినాయన ప్యాంటు అంచు పట్టుకుని లాగింది. "దుస్తులకు నష్టం. వ్యక్తి త్రుటిలో తప్పించుకున్నాడు." పక్కింటావిడ చెప్పు ఎత్తుకుపోయి మంచం కింద దాచింది. "ఆస్తి అపహరణ." నా స్కూటర్ సీటు మీద పడుకుని దిగనంది. "ఉద్యోగి విధులకు ఆటంకం." ఎంత బాగా కుదురుతున్నాయో అనుకున్నాను. ఒక్కోటి రాసి సుజాతకు వినిపించబోతే, ఆమె బెల్లానికి పేలు తీస్తూ "మీకేం పని లేదా?" అనేది.

నన్ను చూసి కాలనీ నిజంగానే నేర్చుకుంది. కార్డులు పడటం మొదలైంది. నేను రాసినవన్నీ బెల్లం మీద ఉండటంతో వాళ్లూ బెల్లం మీదే రాశారు. నెల తిరిగేసరికి ముప్పై ఒకటి. అందులో చిన్నా మీద ఒకే ఒక్కటి, అదీ నాదే. జరగబోయిన ప్రమాదం అన్నచోట "చూసింది" అని ఉంది.

ఈ లెక్క చూశాకైనా ఎవరికైనా బుర్ర వెలగాలి కదా. నాకు వెలగలేదు. ముప్పై ఒకటి అన్న అంకె ఒక్కటే కనబడింది, చెవుల్లో చప్పట్లు వినబడ్డాయి. అన్నీ బైండు చేయించి, పైన రంగుల పటం ఒకటి పెట్టాను. బెల్లం గీత నిటారుగా ఆకాశానికి పోయింది, చిన్నా గీత నేలమీద ముగ్గుపొడి రాలినట్టుంది. దానికో కవరింగ్ లెటర్. "పై రిజిస్టరును పరిశీలించి, మా కాలనీలోని ప్రమాదకరమైన కుక్కపై నిబంధనల ప్రకారం చర్య తీసుకోగలరు." పేరు రాయలేదు. ఎందుకు రాయాలి? ఆ కుక్క ఏదో ఊరందరికీ తెలుసు కదా.

రిజిస్టరు ఆఫీసులో ఇచ్చిన వారమే, ఆదివారం పొద్దున పదింటికి కుక్కల బండి వచ్చింది. రజితగారు, వెనక వల పట్టుకుని ఇద్దరు మనుషులు. నేను సేఫ్టీ బూట్లు తొడుక్కుని, హెల్మెట్ పెట్టుకుని ఎదురెళ్లాను. రండి రండి అంటూ మాణిక్ రెడ్డిగారి గేటు దాకా తీసుకెళ్లాను.

"అటు గాదు సారు," అంది రజితగారు. "మీ ఇల్లే."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. రిజిస్టరు తెరిచి వేలితో చూపించింది. "ముప్పై ఒకటిల ముప్పై గీ బెల్లం అనే కుక్కయే. ఆ పెద్ద కుక్క ఊకె సూసిందట. సూసుడు నేరం గాదు గద సారు."

"అవి నియర్ మిస్‌లండీ. ఎన్ని ఎక్కువ రాస్తే అంత మంచిది."

"మీ కంపెనీల మంచిదేమో. మా దగ్గర ఎన్ని ఎక్కువుంటే గంత కేసు." ఆమె పేజీ తిప్పింది. "గ్యాసాయన ప్యాంటు గుంజింది అబద్ధమా?"

అబద్ధమంటే, సేఫ్టీ ఆఫీసరు దొంగ రికార్డులు రాశాడని తేలుతుంది. నిజమంటే బెల్లం బండెక్కుతుంది. "నిజమే," అన్నాను. అలవాటు అలాంటిది మరి.

ఈలోపు సుజాత గుమ్మంలోకి వచ్చింది. బెల్లం ఆమె చంకలో ఉంది. వల చూసింది, రిజిస్టరు చూసింది, నా హెల్మెట్ చూసింది. "మీ చేత్తో రాశారా?" అని మాత్రం అడిగింది. కోప్పడితే బాగుండేది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, బెల్లం ఏమీ తెలియక ఆమె గడ్డం నాకుతోంది. ఇన్నేళ్లలో నేను నిజంగా భయపడింది అప్పుడే. చిన్నాను చూసి గోడెక్కానే, అది భయమే కాదు. ఆ కుక్క పోతే ఆ ఇంట్లో ఆమెకు రోజంతా మిగిలేది గోడలూ, నా పసుపు చారల మెట్లూ.

గొడవ విని మాణిక్ రెడ్డిగారు చిన్నాను పట్టుకుని వచ్చారు. మెడకు తాడు, మూతికి చిక్కం, అంతా నిబంధనల ప్రకారం. సంగతి విని రిజిస్టరు వైపైనా చూడలేదు.

"మేడం, గా కుక్కకు నేను జమానతు ఉంట, పూచీ నాది," అన్నారు.

"మీ కుక్కను పట్టియ్యనీకె గీ పుస్తకం రాసింది గీ సారే. ఎరికేనా?"

"ఎరికే. డబ్బల నేను గూడ ఒక చీటీ ఏసిన. పాపం సారు దినాం కష్టపడి రాస్తుండు, మనం ఏయకుంటె బాగుండదని."

నేనేమైపోవాలో మీరే చెప్పండి. రజితగారు కాసేపు ఆలోచించి ఒప్పుకుంది, కానీ షరతులు పెట్టింది. బెల్లం పేరు ప్రమాదకర కుక్కల జాబితాలో ఎక్కుతుంది. తాడు, చిక్కం, బోర్డు తప్పనిసరి. ఆరు నెలల్లో ఇంకొక్క సంఘటన జరిగిందా, మాటల్లేవు, బండే.

అంత చిన్న మూతికి చిక్కం ఏ దుకాణంలోనూ దొరకలేదు. మాణిక్ రెడ్డిగారు అరుగు మీద కూర్చుని సన్న తాడుతో అల్లి ఇచ్చారు. ఇంత చిన్నది లేగదూడకు కూడా అల్లలేదట. మా గేటుకు "జాగ్రత్త! ప్రమాదకరమైన కుక్క ఉంది" అని బోర్డు వేలాడింది. దాని కింద బెల్లం కూర్చుంటే బోర్డే పెద్దగా కనిపించేది. దాన్ని చిన్నా పక్కన నడిపించి నడవడిక నేర్పించే బాధ్యత మాణిక్ రెడ్డిగారే తీసుకున్నారు.

ఇక మచ్చ సంగతి. చిక్కం తొడగడం నేనే చేస్తానన్నాను, ఎంతైనా రక్షణ పరికరాలు తొడగడంలో శిక్షణ ఇచ్చేవాణ్ని కదా. ముందుగా బెల్లానికి దాని ఉపయోగాలు వివరించాను. అది శ్రద్ధగా విని, నా చూపుడువేలు కరిచింది. నియర్ మిస్ కాదు. అసలు సిసలు ప్రమాదం, రక్తంతో సహా. టీకాలు వేయించుకున్నాను, ఆస్పత్రి చీటీలో కరిచిన కుక్క అన్నచోట "ఎవరిదో తెలియదు" అని రాయించాను. నా ఉద్యోగ జీవితంలో నేనిచ్చిన ఏకైక తప్పుడు రిపోర్టు అది. సుజాత మెచ్చుకున్న నా ఏకైక రిపోర్టు కూడా అదే.

మరుసటి ఆదివారం రజితగారు తనిఖీకి వచ్చింది. చెయ్యి వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను.

"ఈ వారం ఏమన్న ఉన్నయా సారు, మీ నియర్ మిస్సులు?"

"ఒక్కటీ లేదండీ."

"చేతికి ఆ కట్టేంది?"

"గేటు పడిందండీ."

ఆమె గేటు వైపు చూసింది, దాని కింద చిక్కంతో కూర్చున్న బెల్లం వైపు చూసింది. ఎదురింటి అరుగు మీంచి మాణిక్ రెడ్డిగారు తాపీగా అందుకున్నారు. "అవు మేడం. వాళ్ల గేటుకు జెర కోపమెక్కువ."

"అయితే గేటుకు గూడ ఒక చిక్కం అల్లుండ్రి," అని ఆమె కాగితం మీద ఏదో టిక్కు పెట్టి వెళ్లిపోయింది.

కాబట్టి మహాజనులారా, ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను. ఇకపై ఇంట్లో నియర్ మిస్ కార్డు రాయను, రిజిస్టరు బైండు చేయించను, కవరింగ్ లెటరులో కుక్క పేరు వదిలిపెట్టను, చిన్న అక్షరాలు చదవకుండా పొంగిపోను. బెల్లం తల మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. చెయ్యి పెట్టే ముందు చిక్కం సరిగా ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నాను.