అందరి వెనకా నడిచే బాబాయి

మా బాబాయిని ఎస్టేటులో అందరూ 'ఆఖరాయన' అంటారు. వయసును బట్టి కాదు, వరసను బట్టి. బంగళా వెనక గేటు దగ్గర మొదలై, అడవిలోంచి, వాగు మీది చెక్క వంతెన దాటి, రాతి సమాధుల పక్కగా పోయి, తవ్వకాల్లో బయటపడ్డ పాత ఊరి గోడల దగ్గర ఆగే కాలిబాట ఒకటుంది. దాని మీద సందర్శకులను తిప్పి తీసుకురావడం మా ఇద్దరి పని. ముందు నేను నడుస్తాను. ఇదేమిటో, ఇది ఎన్ని తరాల నాటిదో చెప్పేది నేను. అందరి వెనకా బాబాయి నడుస్తాడు. ఎవరూ వెనకబడి పోకుండా చూడటం ఆయన పని. చెప్పడం ఆయన పని కాకపోయినా ఆయన నోరు ఊరుకోదు, అది వేరే సంగతి. నేను ముందు ఒక కథ చెబుతుంటే వెనక ఆయన ఇంకో కథ చెబుతుంటాడు. వరస మధ్యలో నడిచేవాళ్ళకు రెండూ సగం సగం వినపడతాయి.

అంతకుముందు ఆయన గేట్లు చూసుకునేవాడు. అప్పట్లో ఎస్టేటులో ఆవులుండేవి. గేటు తెరిచినవాడే మూయాలి, అది నియమం. ఆవులు పోయాయి, వాటి యజమానులూ పోయారు, నియమం మాత్రం బాబాయి ఒంట్లో ఉండిపోయింది. ఇంట్లో ఆయన లేచి అటు నుంచి ఇటు నడిచాడంటే తలుపు, బీరువా, ఉప్పు డబ్బా అన్నీ మూతపడతాయి. పిన్ని కూర కలపడానికి గరిటె తీసుకునేలోపు గిన్నె మీద మూత పెట్టేస్తాడు. "ఈయనతో కాపురమంటే ఊరగాయ జాడీలో ఉన్నట్టే" అంటుంది పిన్ని.

మనుషులను లెక్కపెట్టడం మీద ఆయనకు నమ్మకం లేదు. లెక్కపెట్టబోయేసరికి ఒకరు ఫోటో కోసం పక్కకు పోతారు, ఇంకొకరు చెట్టు చాటుకు పోతారు. అందుకని కర్రల పద్ధతి పెట్టాడు. బంగళా వరండాలో చేతికర్రలకు ఒక స్టాండుంది. ఎక్కిదిగే దారి కాబట్టి బయలుదేరేముందు తలా ఒక కర్ర తీసుకోవాలి, తిరిగొచ్చాక దాని రంధ్రంలో దాన్ని పెట్టాలి. స్టాండు నిండితే అందరూ వచ్చినట్టు. అప్పుడు గేట్లకు తాళాలు. "మనిషి నేనున్నానని చెప్పి లేకుండా పోతాడు. కర్ర అలా కాదమ్మా" అంటాడు నాతో. నేను మొదట్లో నవ్వుకున్నాను. కానీ ఆ పద్ధతితో ఇన్నేళ్ళలో ఒక్క మనిషి కూడా తప్పిపోలేదు, కాబట్టి నోరు మూసుకున్నాను.

ఇంత చేసినా పిన్ని ఎప్పుడూ ఆ బాట తొక్కలేదు. "రోజూ అన్నంతో పాటు ఆ రాళ్ళ కబుర్లే తింటున్నాను, ఇంకా వెళ్ళి చూడటం కూడానా?" అనేది. తరవాత మోకాలి నొప్పి వచ్చింది, షుగరు వచ్చింది. షుగరు మాత్ర వేసుకుని వేళకు ఏమీ తినకపోతే పిన్నికి కళ్ళు తిరుగుతాయి. ఒకసారి వంటింట్లోనే పడిపోయింది. పక్కన మా అమ్మ ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే దక్కేది కాదన్నాడు డాక్టరు. ఆ రోజు నుంచి బాబాయి బిస్కెట్ల పొట్లం లేకుండా ఆమెను వీధి చివరికి కూడా పంపడు.

ఆ డాక్టరే ఈ మధ్య బాగా నడవమన్నాడు. దాంతో ఒక మధ్యాహ్నం పిన్ని కొత్త బూట్లు తొడుక్కుని వరండాలోకి వచ్చి, సందర్శకుల మధ్య నిలబడి, అందరిలాగే ఒక కర్ర తీసుకుంది. బాబాయి సంబరం చూడాలి! పెళ్ళికొడుకు కూడా అంత తిరగడు. బిస్కెట్ల పొట్లం, మంచినీళ్ళు తన సంచిలో పెట్టుకున్నాడు. పిన్ని చేతిసంచీ కూడా తానే భుజాన వేసుకున్నాడు. "నాకివ్వండి, నేనేం చంటిపిల్లనా?" అని ఆవిడ, "నువ్వు రాళ్ళు చూడవే, బరువు నేను చూసుకుంటాను" అని ఈయన. ఆ రోజు నేను చెప్పిన చరిత్ర ఎవరి చెవికీ ఎక్కలేదు. వెనక నుంచి వీళ్ళ కబుర్లే వినపడుతున్నాయి.

పాత ఊరి గోడల దగ్గర కాసేపు ఆగాం. అక్కడ మోకాలెత్తు గోడలు తప్ప ఏమీ మిగల్లేదు. గదులు, గుమ్మాలు, పొయ్యి గుంటలు మాత్రం తెలుస్తాయి. తిరుగు ప్రయాణం మొదలుపెట్టి వాగు దాకా వచ్చామో లేదో, ఒక లావుపాటి ఆయన వంతెన దిగుతూ కాలు మెలిపెట్టుకుని కూలబడ్డాడు. ఆయన్ను లేపడం నా వల్ల కాలేదు. కేక వేస్తే బాబాయి వెనక నుంచి పరుగెత్తుకొచ్చాడు. లావాయన చేతిని తన మెడ మీద వేసుకుని, మిగతా దారంతా ఆయన్ను మోసినంత పని చేసి బంగళాకు చేర్చాడు. పాపం, చొక్కా పిండితే నీళ్ళు కారేలా తడిసిపోయింది. లావాయన్ను కారెక్కించాక చూస్తే స్టాండు నిండి ఉంది. గేట్లకు తాళాలు పడ్డాయి.

మేం బంగళా వెనక పక్కపక్క ఇళ్ళలో ఉంటాం. నేను కాళ్ళు కడుక్కుంటున్నాను. మా అమ్మ గోడ మీంచి తొంగిచూసి, "మరిదీ, మా చెల్లెలేదీ? రాళ్ళు నచ్చాయా ఆవిడకి?" అని అడిగింది.

"మీ ఇంట్లో లేదా వదినా?"

"మా ఇంట్లో ఎందుకుంటుంది? నీతోనేగా వెళ్ళింది!"

బాబాయి తేలిగ్గానే తీసుకున్నాడు. "అయితే బంగళాలో ఎవరితోనో మాట్లాడుతూ ఉంటుంది. కర్రలన్నీ వచ్చాయి వదినా, నేను చూశాగా" అన్నాడు. అమ్మ కూడా వచ్చింది, ముగ్గురం వెతికాం. బంగళాలో లేదు. తోటలో లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. "కర్రలు కాదు బాబాయ్, మనిషి ఏదీ?" అని అరిచాను. ఆయన మళ్ళీ స్టాండు దగ్గరకు పోయి నిలబడ్డాడు. ఒక్క ఖాళీ కూడా లేదు. దాన్నే చూస్తూ చూస్తూ, మెల్లగా వరండా మెట్టు మీద కూర్చుండిపోయాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"దాని కర్ర నేనే తెచ్చానే" అన్నాడు. "బూటు విప్పుకుంటూ, పట్టుకోమని నాకిచ్చింది. ఇంతలో నువ్వు కేకేశావు. వెనకే వచ్చేస్తుందిలే అనుకుని పరుగెత్తాను. రెండు కర్రలూ నా చేతిలోనే ఉన్నాయి. నేనే తెచ్చి, నేనే పెట్టాను."

శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది. ఊళ్ళోవాళ్ళను ఇన్నేళ్ళూ క్షేమంగా తీసుకొచ్చిన మనిషి, పెళ్ళాన్ని అడవిలో వదిలేసి, వెనక తాళం వేసి వచ్చాడు. ఇంకో రోజయితే పడీపడీ నవ్వేదాన్ని. కానీ బిస్కెట్ల పొట్లం బాబాయి సంచిలోనే ఉంది, సీలు కూడా ఊడలేదు. పిన్ని మధ్యాహ్నం మాత్ర వేసుకుని బయలుదేరింది. పొద్దు వాలిపోతోంది. ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అమ్మ నోటికి చీరచెంగు అడ్డం పెట్టుకుంది.

బాబాయి లేచిన తీరు నేను ఎప్పటికీ మర్చిపోలేను. ఆ వయసులో ఆయన పరుగెత్తడం చూసి నాకు ఇంకో భయం పట్టుకుంది. ఒక్కో గేటూ తెరిచి, అలాగే బార్లా వదిలేసి పోతున్నాడు. వెనకాల నేను మూయబోతే, "వదిలెయ్! వదిలెయ్!" అని కసిరాడు. వాగు దగ్గర లేదు. సమాధుల దగ్గర లేదు. చెట్ల కింద అప్పుడే మసక కమ్ముకుంటోంది. ఏ రాయి చూసినా పడిపోయిన మనిషిలాగే కనిపిస్తోంది. పిన్ని పడిపోయి ఉంటే అనే మాటను మనసులోకి రానివ్వకుండా గట్టిగా నడిచాను.

పాత ఊరి గోడలు కనపడగానే బాబాయి ఆగిపోయాడు. పిలుద్దామని నోరు తెరిచాడు. రోజంతా వాగే మనిషికి, అవసరం వచ్చేసరికి మాట రాలేదు. నేనే పిలిచాను. "పిన్నీ! పిన్నీ!"

"ఎందుకే ఆ అరుపులు? ఇక్కడే ఉన్నా" అంది ఒక గోడ.

గోడ కాదు, గోడ వెనక పిన్ని. పొయ్యి గుంట పక్కన కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఒక బూటు కాలికి, ఒక బూటు ఒళ్ళో. మడమ మీద బొబ్బ లేచి చితికిపోయింది. ముఖం బాగానే ఉంది. బతుకుజీవుడా అని నేను ఆ గోడ మీదే చతికిలబడ్డాను. పై ప్రాణాలు పైనే పోయి, అప్పుడే తిరిగొచ్చాయి.

"ఇది వంటిల్లేగా?" అంది నాతో. "పొయ్యి ఈ మూలన పెడితే పొగంతా కళ్ళల్లోకే. కట్టినవాడెవడో ఒక్కరోజు కూడా వండి ఉండడు."

"నీకు భయం వెయ్యలేదా?"

"ఎందుకూ? అందరి తరవాత మీ బాబాయి ఉంటాడని నువ్వే కదే చెబుతావు. గోడ చాటున బూటుతో కుస్తీ పడుతూ ఆయన పరుగెత్తడం చూడలేదు, ఇంకా వెనకే ఉన్నారనుకుని తీరిగ్గా కూర్చున్నా. తరవాత ఎవరి చప్పుడూ లేదు. ఒంటి కాలితో ఎక్కడికి పోతాను? ఉన్నచోట ఉంటే వస్తార్లే అనుకున్నా. చీకటి పడ్డాక భయపడదామనుకున్నా."

బాబాయి ఈ మాటలేవీ వినడం లేదు. ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, బిస్కెట్ల పొట్లం చింపుతున్నాడు. అది చిరగడం లేదు.

"కంగారు పడకండి, నేను తిన్నాను" అంది పిన్ని.

"ఏం తిన్నావు? ఇక్కడేముంది తినడానికి?"

పొయ్యి గుంటలో మెరుస్తున్న చాక్లెట్ కాగితాలను మేమిద్దరం ఒకేసారి చూశాం. పిన్నికి తీపి ప్రాణం. ఆమె దాచుకున్న చాక్లెట్లను బాబాయి ఇల్లంతా వెతికి, పప్పు డబ్బాల్లోంచి, దిండు గలీబుల్లోంచి బయటికి తీసి పారేసేవాడు. దాని మీద వాళ్ళకు రోజూ పోట్లాటే. అవి ఆమె రవికలో దాక్కుని అడవి దాకా వస్తాయని ఆయన కలలో కూడా అనుకుని ఉండడు. పిన్ని దొరికిపోయిన పిల్లలా తల దించుకుంది.

బాబాయి కాగితాలన్నీ ఏరి జేబులో పెట్టుకున్నాడు. పాత రాళ్ళ దగ్గర చెత్త ఉండకూడదు కదా. తరవాత ఆమె మూసిన గుప్పిటి వైపు చూశాడు.

"ఇంకా ఉన్నాయా?"

"లేవు" అంది పిన్ని గబుక్కున.

"ఉంటే తినవే" అన్నాడు బాబాయి. "నీకెన్ని కావాలంటే అన్ని తిను."

అని, ఆమె మోకాలి మీద తల పెట్టుకుని గట్టిగా ఏడ్చేశాడు. "అయ్యో, ఏమిటండీ ఇది, పిల్ల ముందు" అంటూనే పిన్ని గుప్పిటి విప్పి, ఆయన తల మీద చెయ్యి వేసింది. నేను అటు తిరిగి నిలబడ్డాను.