అక్క తోటలో పండిన చేదు

నాకు తీపి పిచ్చి. గవర్నర్‌పేటలో మోటారు సామాన్ల కొట్టు నడుపుతున్నాను. మధ్యాహ్నం భోజనమయ్యాక రెండు కాజాలో, ఒక పూతరేకో నోట్లో పడకపోతే ఎవరు పలకరించినా కసురుకునేవాణ్ణి. యాభయ్యో ఏట రక్తపరీక్ష చేయిస్తే షుగరు ఇవాళో రేపో వచ్చేలా ఉంది. బీపీ కూడా కాస్త ఎక్కువే.

"స్వీట్లు మానెయ్యండి," అన్నారు డాక్టరమ్మ.

"నావల్ల కాదండీ. నాలుగుసార్లు మానేసి నాలుగుసార్లూ మొదలుపెట్టాను."

ఆవిడ నవ్వారు. "అయితే భోజనమయ్యాక డార్క్ చాక్లెట్ ఒక్క చిన్న ముక్క తినండి. కోకో ఎక్కువ, చక్కెర తక్కువ ఉన్నది చూసి కొనుక్కోండి. కోకోలో ఉండేవి కొన్ని రక్తనాళాలకి మంచివే. అలాగని అది మందు కాదు. కొవ్వూ ఉంటుంది, చక్కెరా ఉంటుంది. మంచిదన్నాను కదా అని బిళ్లంతా తినేస్తే మళ్లీ నా దగ్గరికే వస్తారు. రోజూ నడవండి కూడా."

మొదటి రెండు రోజులూ మొహం చిట్లించుకునే తిన్నాను. మూడోనాడు నమలకుండా నాలుక మీదే ఉంచాను. ముందు చేదు, తర్వాత సన్నటి పులుపు, చివర్లో కమ్మటి వేపుడు వాసన. కాజాలైతే ఎన్ని తిన్నా ఇంకోటి తినాలనిపించేది. ఇది ఒక్క ముక్కతోనే చాలనిపించింది. యాభై ఏళ్లలో నా నోరు చాలనడం అదే మొదలు.

ఆ ఆదివారం మైలవరం దగ్గర అక్కావాళ్ల తోటకి వెళ్లాను. కొబ్బరిచెట్ల మధ్య కోకో వేసి పన్నెండేళ్లయింది. కాయలు కోసి, గింజలు పులియబెట్టి, ఎండబెట్టి బస్తాల్లో పంపిస్తారు. వాటితో చేసిన చాక్లెట్ అక్క గాని బావ గాని ఎన్నడూ రుచి చూడలేదు. నేను తెచ్చిన బిళ్లలోంచి ఓ ముక్క తుంచి అక్క చేతిలో పెట్టాను.

"ఛీ, ఇదేంట్రా! కాకరకాయ నమిలినట్టుంది," అంటూనే పూర్తిగా చప్పరించింది. తర్వాత పైకాగితం నాచేత చదివించింది. "ఇందులో మన గింజలూ చక్కెరా, అంతేనా?"

"దాదాపు అంతే."

"మరి ఇన్నేళ్లూ నేనెందుకు చెయ్యలేదురా?"

బావ పకపకా నవ్వారు. "అది ఫ్యాక్టరీలో చేస్తారే. గారెల పిండనుకున్నావా?"

ఆ మాటతో అక్కకి పౌరుషం వచ్చింది. అప్పటికప్పుడే గింజలు మూకుట్లో వేయించింది. పొట్టు చెరిగి గ్రైండర్లో వేసింది. ఎంతకీ మెదగడం లేదని, అలవాటు కొద్దీ గ్లాసుడు నీళ్లు పోసింది. అంతే, అంతా బంకమట్టి ముద్దలా బిగుసుకుపోయింది. బావ ఇంకా గట్టిగా నవ్వారు. అక్క ముద్దంతా తీసి అవతల పారబోసింది.

వారం తిరక్కుండానే ఫోన్ చేసింది. "ఒరేయ్, దానికి నీళ్లు పడవు. తడి చెయ్యి కూడా తగలకూడదు. గింజలోనే వెన్నుంది, తిరిగే కొద్దీ అదే కరుగుతుంది. ఎలా తెలిసిందంటావా? రెండు రోజులు దాని పక్కనే కూర్చుని చూశా!"

నేను వెళ్లేసరికి గ్రైండర్లో నల్లటి ద్రవం పట్టుపావడాలా నిగనిగలాడుతోంది. బెల్లం వేస్తే చెమ్మ తగులుతుందని పటికబెల్లం పొడి వేసింది, అదీ మూడొంతుల కోకోకి ఒక్క వంతే. పళ్లెంలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాం. గట్టిపడ్డాక బావే ముందు ముక్క విరిచారు. టప్‌మని శబ్దం వచ్చింది. నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నారు. నవ్వలేదు.

"ఇన్నాళ్లూ దీన్నా మనం బస్తాల్లో కుట్టి పంపించేశాం!" అన్నారు.

అక్క కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "చూశారా!" అని ఒక్కమాటే అంది.

అప్పట్నుంచీ నా మధ్యాహ్నపు ముక్క అక్క తోటదే. సాయంత్రాలు కాలవ గట్టు మీద నడిచాను. కాజాలు కావాలనిపించిన రోజులున్నాయి, లేవని అబద్ధమాడను. అయినా కొనలేదు. మూడు నెలల తర్వాత డాక్టరమ్మ రిపోర్టు తిరగేసి చూసి, "షుగరు దిగింది. బీపీ కూడా బాగానే ఉంది," అన్నారు.

"అంతా చాక్లెట్ మహిమేనండీ!"

"కాదు. స్వీట్లు మానింది మీరు, నడిచింది మీరు. చాక్లెట్ మీకు తోడొచ్చింది, అంతే."

అక్క ఇచ్చిన పొట్లం ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ ఓ ముక్క నోట్లో వేసుకుని పొట్లం అటూ ఇటూ తిప్పి చూశారు. "ఎక్కడ కొన్నారండీ ఇది?"

"కొనలేదండీ. మా అక్క చేసింది. గింజలు కూడా ఆవిడ పండించినవే," అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా ఛాతీ ఎంత పొంగిందో ఆ రిపోర్టులో రాయలేదు గానీ, బయటికొచ్చి మైలవరం బస్సు ఎక్కేశాను. ఆ కబురు ఫోన్లో చెప్పేది కాదనిపించింది.