కాఫీ టిన్ను పై అరలో పెట్టిన కరుణమ్మ ఆంటీ

నిన్న మధ్యాహ్నం బట్టలు మడతపెడుతుంటే షారన్ ఫోన్ చేసింది. కరుణమ్మ ఆంటీ కూతురు.

"ఆంటీ, మమ్మీ ఈజ్ గాన్" అంది.

నాకు ముందు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. మొన్న ఆదివారమే చర్చిలో కలిశాం. "వచ్చే వారం మీ ఇంటికొస్తా, కాఫీ పెట్టు" అన్నారు. మాటిచ్చి ఇలా వెళ్ళిపోవడం ఏమిటి?

పొద్దున్నించి ఫోన్ నిండా మెసేజ్‌లు. ఎంత సౌమ్యురాలో, ఎంత సాఫ్ట్ మనిషో అని. చదువుతుంటే ఒళ్ళు మండుతోంది. నాకు తెలిసిన కరుణమ్మ ఆంటీ నన్ను ఏడిపించి చంపారు. అది కూడా ఎవరో ఒకరు రాయాలి కదా.

1990. బ్లాక్‌టౌన్‌లో అద్దె ఇల్లు. తెనాలి నుంచి ఈ దేశం వచ్చి ఏడాది కూడా కాలేదు. మా ఆయనకి ఇంకా ఉద్యోగం లేదు. నేను ఒక వృద్ధుల హోమ్ కిచెన్‌లో పనిచేసేదాన్ని. భోజనం ట్రేలు ఎత్తి ట్రాలీలో పెట్టాలి.

ఒకరోజు తడి నేల మీద జారి కుడి భుజం మీద పడ్డాను. కీలు తప్పింది. డాక్టర్ సరిచేసి, చేతిని మెడకి వేలాడదీసే స్లింగ్ వేశాడు. మూడు వారాలు ఉంచి తీసేయమన్నాడు, తర్వాత ఎక్సర్‌సైజ్ చెయ్యమన్నాడు.

మనవాళ్ళు వింటారా?

"కీలు విషయం అమ్మా, అస్సలు కదపకు" అన్నారు. మా ప్రేయర్ గ్రూప్ వాళ్ళంతా వంతులు వేసుకున్నారు. ఒకరు క్యారియర్ తెస్తే ఒకరు జడ వేసేవారు. ఇంకొకరు గిన్నెలు కడిగేవారు. నేను మహారాణిలా కూర్చున్నాను. స్లింగ్ రెండు నెలలు దిగలేదు.

దిగేసరికి భుజం బిగుసుకుపోయింది. చెయ్యి ఛాతీ దాటి పైకి రాదు. గోడ మీద వేళ్ళతో పైకి పాకించమని ఫిజియో చెప్పింది. రెండుసార్లు పాకించి, నొప్పికి కూర్చుని ఏడ్చేదాన్ని.

ఇంతలో పని నుంచి ఫోన్. ఇంకో నెలలో రాకపోతే వేరే మనిషిని చూసుకుంటాం అన్నారు. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క ఉద్యోగమే.

అప్పుడు రావడం మొదలుపెట్టారు కరుణమ్మ ఆంటీ. ఒంగోలు దగ్గర ఎక్కడో నర్సుగా చేసి వచ్చిన మనిషి. రెండు స్టేషన్ల అవతల నుంచి ట్రైన్‌లో వచ్చేవారు, వట్టి చేతులతో. వచ్చి కుర్చీలో కూర్చుని "కాఫీ పెట్టమ్మాయ్" అనేవారు.

నాకు ఎంత మండేదో చెప్పలేను. చెయ్యి లేవని మనిషిని పట్టుకుని కాఫీ ఏంటి?

దానికి తోడు ఆవిడ వచ్చి వెళ్ళినప్పుడల్లా కాఫీ టిన్ను ఒక అర పైకి చేరేది. మొదట స్టవ్ పక్కనుండేది. తర్వాత కింది అరలోకి, ఆ తర్వాత మధ్య అరలోకి వెళ్ళింది. నేను ఎడం చేత్తో తీసుకోబోతే "ఆ చెయ్యి కాదు" అని గదమాయించేవారు. మా ఆయన సాయానికి లేస్తే "కూర్చో నాయనా, నిన్ను అడిగానా?" అనేవారు.

ఒకరోజు టిన్ను అన్నిటికన్నా పై అరలో ఉంది. మునివేళ్ళ మీద లేచాను. భుజంలో కత్తి దిగినట్టుంది. ఉక్రోషంతో ఒక్క లాగు లాగాను. మూత ఊడి పొడంతా నా నెత్తిన పడింది.

"మీరసలు మనిషేనా ఆంటీ?" అని అరిచాను. పెద్దావిడ అని కూడా చూడలేదు.

ఆవిడ పడీ పడీ నవ్వి, "తిట్టుకుందువుగాని. ముందు నీ చెయ్యెక్కడుందో చూడు" అన్నారు.

చూశాను. నా కుడి చెయ్యి ఇంకా ఆ పై అర మీదే ఉంది.

పొడి కూడా నాతోనే ఊడ్పించారు. గడువులోపే పనికి వెళ్ళాను. ఆ వారం ప్రేయర్‌లో రెండు చేతులూ పైకెత్తి పాడాను. పక్కనే ఆంటీ, ఏమీ ఎరగనట్టు.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. కానీ అసలు బాధ ఇప్పుడుంది.

పోయినేడాది ఆంటీ బాత్రూంలో పడ్డారు. ఆవిడకీ కుడి భుజమే. స్లింగ్ తీశాక రోజూ వెళ్ళాను. జడ వేశాను. అన్నం కలిపి పెట్టాను. అన్నీ చేతికందేలా బల్ల మీద సర్దాను.

ఒకరోజు విసుక్కున్నారు. "అన్నీ నువ్వే అందిస్తే నా చెయ్యెప్పుడు లేస్తుందమ్మాయ్? ఆ కాఫీ టిన్ను పైన పెట్టు."

పెట్టాను. ఆవిడ చెయ్యి చాపారు. సగం దూరంలో "అబ్బా" అన్నారు. అంతే, నేను గబుక్కున టిన్ను దించి చేతిలో పెట్టేశాను.

ఆంటీ నా వంక చూసి, "నీ వల్ల కాదులే" అన్నారు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ఆ వయసులో ఎలాగూ లేచేది కాదు అంటారు మా ఆయన. అయ్యుండొచ్చు. కానీ నేను ప్రయత్నించనివ్వలేదు కదా. నా కోసం ఆవిడ నా దగ్గర చెడ్డవారయ్యారు. ఆవిడ కోసం నేను ఒక్కరోజు చెడ్డదాన్ని కాలేకపోయాను. నా మీద నాకే చిరాకు.

మొన్న ఆదివారం పాటలో ఆంటీ ఎడం చెయ్యి ఒక్కటే పైకెత్తారు.

ఆంటీ, నా కాఫీ టిన్ను ఇంకా పై అరలోనే ఉంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా కిందికి దించలేదు.

మీరు వెళ్ళిన చోట మీ రెండు చేతులూ నొప్పి లేకుండా పైకి లేవాలి. ఎవరూ గబుక్కున అడ్డం రాకూడదు, నాలాగా.

ప్రభువు దగ్గర హాయిగా ఉండండి.