అక్క పని అయిపోయిందన్నారు

విస్సన్నపేట నుంచి తిరువూరు వస్తున్న షేర్ ఆటో బోల్తా పడినప్పుడు నేనూ అక్కా పక్కపక్కనే కూర్చున్నాం. ఇద్దరికీ కుడి మోకాలే నుజ్జయింది. ఆపరేషన్లయ్యాక ఇద్దరివీ వంగని కాళ్లే. నేను ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. అక్క ఐదో తరగతితో బడి మానేసి వరినాట్లకీ పత్తి చేలకీ కూలికి వెళ్లేది.

నష్టపరిహారం కేసు కోసం లాయరుగారి దగ్గరికి వెళ్లాం.

"మీరేం చదివారు మేడం?" అని నన్నడిగారు.

"బీఎస్సీ బీఈడీ అండి."

"కూర్చునైనా పాఠం చెప్పగలరు కదా. అరవై ఏళ్లదాకా మీ ఉద్యోగానికి ఢోకా లేదంటారు అవతలి ఇన్సూరెన్స్ కంపెనీవాళ్లు." అక్క వైపు తిరిగారు. "నువ్వేం చదివావమ్మా?"

"ఐదు."

"అయితే నీ పని అయిపోయిందనే రాయాలి. నాట్లకి వంగలేవు, కలుపుకి కూర్చోలేవు. ఇంకెన్నేళ్లు కూలికెళ్లేదానివో అదంతా పోయినట్టే."

ఆయన మా మేలు కోరే చెప్పారు. అక్క ముఖంలో మాత్రం నెత్తురు చుక్క లేదు.

"అయిపోడమేంటి సార్? నాకింకా నలభై రాలా. అట్టా రాయమాకండి."

"రాయకపోతే నీకే నష్టమమ్మా."

బయటికొచ్చాక అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "రాస్తే నిజమైపోద్దేమోనే," అంది.

నా భయం నాకుంది. జూన్‌లో బడి తెరవగానే నా క్లాసు మేడమీదికి మార్చారు. కింద ఇప్పించమని కరస్పాండెంట్‌ని అడిగాను. "కూర్చుని చెబితే పేరెంట్స్ ఊరుకోరు మేడం. చూద్దాం," అన్నాడు. ఆ 'చూద్దాం' విన్నాక నాకు సరిగా నిద్రపట్టలేదు. అరవై ఏళ్లని లెక్కకట్టినవాళ్లు ఈయన్ని అడగలేదు. రోజూ రెయిలింగ్ పట్టుకుని మెట్లెక్కి, ఆయాసం తీరాకే క్లాసులోకి వెళ్లేదాన్ని.

అక్క ఎవరికీ చెప్పకుండా నాట్లకెళ్లింది. బురదలో దిగబడిన కాలు పైకి రాలేదు. తోటివాళ్లు భుజాలు పట్టి గట్టు మీదికి లాగారు. ఆ తర్వాత చేలవైపు చూడాలన్నా బెదిరిపోయేది. చివరికి మామిడి సీజన్లో తెలిసినాయన తన మండీలో ఎత్తు స్టూలు వేయించి, కాయలు ఏరే పని ఇచ్చాడు.

తీర్పు లాయరుగారు చెప్పినట్టే వచ్చింది. అక్క ఇక పనిచేయలేదని కోర్టు ఒప్పుకుంది. అందరూ సంతోషించారు. అక్కకి మాత్రం కొత్త దిగులు పట్టుకుంది.

"చేయలేనని కోర్టే చెప్పింది గదా సార్. ఇప్పుడు కాయలేరతంటే ఎవరన్నా చూస్తే?"

"ఎవరూ ఏమీ అనరు. నిక్షేపంగా చేసుకోమ్మా," అని లాయరుగారు నవ్వారు.

అయినా అక్క నమ్మలేదు. మొన్న నేను మండీకి వెళ్లేసరికి ఎవరో ఇన్‌షర్ట్ చేసుకున్న మనిషి కాయల ధర అడుగుతున్నాడు. అక్క చేతిలో కాయ గబుక్కున ట్రేలో పడేసి, చేతులు కొంగులో దాచుకుని, ఊరికే కూర్చున్నదానిలా గోడకేసి చూస్తోంది.