నెవెంక నడిపిన జాయెచార్ బండి

నిష్ ఊళ్లో నెవెంకను ఎరగని రైల్వేవాడు లేడు. పట్టాలు మార్చే మీట దగ్గరే ఆమె ఉద్యోగమంతా గడిచింది. రైళ్లన్నీ ఆమె చూపిన దారిన పోయాయి, ఆమె మాత్రం ఉన్నచోటే ఉంది. వయసులో ఉండగా ఇంజను నడపడం నేర్చుకుంటానని అడిగితే పై అధికారి నవ్వి పంపేశాడు. నిష్ నుంచి జాయెచార్ ఊరికి పోయే లైను మీద జీవితమంతా బండి నడిపిన బ్లగోయె అయితే ఇంకో మాట కూడా చేర్చాడు: "నువ్వు మీట లాగమ్మా, బండి సంగతి మేం చూసుకుంటాం." ఆ మాట ఆమె మనసులో ముల్లులా ఉండిపోయింది.

పెన్షన్ మొదలయ్యాక కంప్యూటరు కొంది. అదే జాయెచార్ లైనును, సొరంగాలతో సహా, తెర మీద నడిపే ఆట ఒకటి ఉందని తెలిసిన రోజు ఆత్రంతో ఆమెకు ముద్ద దిగలేదు. ఇంటి దేవుడు జార్జి పండుగకు పాత రైల్వేవాళ్లు ఎలాగూ పిలవకుండానే దిగుతారు. "ఈసారి మీ అందరి ముందూ బండి నడుపుతా, చూడండి!" అని ఊరంతా చాటేసింది.

ఆట ఇంటర్నెట్‌లోంచి దిగింది గానీ, మూటగా దిగింది. చలికాలపు పరుపును చిన్న పెట్టెలో కుక్కినట్టు కుక్కి పంపారు దాన్ని. విప్పి పరచాలంటే కంప్యూటరు నడుం విరిగేలా పనిచేయాలి. పండుగనాడు పొద్దున్నే విప్పడం మొదలుపెట్టింది. మొదట గబగబా సాగింది. అతిథులు వచ్చి, క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి వండిన సర్మ గిన్నె సగం ఖాళీ అయ్యేసరికి నత్తనడకన పడింది. లోపలి ఫ్యాను మాత్రం చెవులు చిల్లులు పడేలా మోగుతోంది.

"నీ బండి ఇంకా షెడ్డులోనే ఉన్నట్టుందే నెవెంకా!" అన్నాడు బ్లగోయె, రాకియా సారా ఓ గుక్క వేసి.

"బొగ్గు వేయడం మరిచిపోయిందేమో!" అని ఇంకెవరో అందుకున్నారు. గది గొల్లుమంది.

నెవెంక మొహం ఎర్రబడింది. కంప్యూటర్లో మోగుతున్న పాటలు ఆపింది. తెరిచి ఉన్నవన్నీ మూసింది. లాభం లేకపోయింది. కాసేపుంటే వీళ్లంతా లేచి వెళ్లిపోతారు, మళ్లీ ఏడాదికి ఎవరుంటారో ఎవరికి తెలుసు? ఏడుపు తన్నుకొచ్చింది. కంప్యూటరు పెట్టె మీద చెయ్యి వేసింది. చుర్రుమంది.

అప్పుడు చూసింది. అత్తగారు యెలిత్స పండుగ ముస్తాబని పెట్టె మీద తెల్లటి అల్లిక గుడ్డ పరిచింది. టీవీ మీద, ఫ్రిజ్ మీద పరిచినట్టే. అది వెనక గాలి రంధ్రాలన్నీ కప్పేసి వేలాడుతోంది. పైగా మే నెల ఎండలో కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. తలుపుకీ కిటికీకీ మధ్య వీచే గాలి తగిలితే మెడ పట్టేస్తుందని, చెవిపోటు వస్తుందని, చివరికి మనిషే పోతాడని ఆ ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. మూట విప్పే పనికే కాగిపోతున్న యంత్రం, కాలిపోకుండా తనంతట తానే నెమ్మదించింది.

నెవెంక గుడ్డ లాగేసింది. కిటికీ తెరిచింది. అంతటితో ఆగక ఎదురుగా ఉన్న తలుపు కూడా బార్లా తీసింది.

అందరూ ఒంటికాలి మీద లేచారు. "మూయవే తల్లీ! పండుగ పూట చంపుతావా మమ్మల్ని!" అంటూ బ్లగోయె కోటు కాలరు చెవుల దాకా లాక్కున్నాడు.

"చూపు ఆనని కళ్లతో అల్లాను కదే ఆ గుడ్డ! కుర్చీలో పారేస్తావా?" అంది అత్తగారు.

"మీ గుడ్డ బంగారం అత్తయ్యా. దాని కింద నా ఇంజనుకే ఊపిరాడటం లేదు. భయమున్నవాళ్లు వంటింట్లో కూర్చోండి. కిటికీ మీద చెయ్యేస్తే మాత్రం ఊరుకోను!"

ఒక్కరూ వంటింట్లోకి పోలేదు. టోపీలు పెట్టుకుని, మెడలకు తువ్వాళ్లు చుట్టుకుని తెర చుట్టూ మూగారు. ఫ్యాను రొద తగ్గింది. తెర మీద, మూట ఎంత విప్పిందో చూపే గీత కదిలింది, చూస్తుండగానే పరుగందుకుంది. "పోతోంది, పోతోందర్రా!" అని మొదట అరిచింది అత్తగారే.

నిష్ స్టేషను తెర మీదికి వచ్చింది. నెవెంక మీట నొక్కింది. బండి కదిలింది. అబ్బ, ఏం సంబరం! స్వర్లిగ్ లోయలోకి దిగుతుంటే ఆమెకు ఒళ్లంతా రెక్కలొచ్చినట్టుంది.

"మలుపుంది, తగ్గించు!" అని బ్లగోయె కేక పెట్టాడు. ఆమె అప్పటికే తగ్గించేసింది. ఆయన తన కుర్చీని తెర దగ్గరికి లాక్కున్నాడు. ఇంకో రెండు మలుపులు దాటాక ఆమె వైపు వంగాడు.

"నెవెంకా... ఇక్కణ్ణుంచి కాస్త నేను నడపనా? చాలా రోజులైంది."

ఆమె తెర మీంచి కళ్లు తిప్పలేదు.

"ముప్పై ఏళ్లు నువ్వు నడిపావుగా అన్నా! ఇంకో ముప్పై ఏళ్లాగి అడుగు, ఇస్తా" అని, సొరంగం ముందు కూత పెట్టింది.